గళ్ళ గుడ్డ మీద యమునాబాయి చుక్క

ముందు వీధి ఆడవాళ్ళు బీడీ కట్టలు తెస్తే కార్ఖానా లెక్కలు చూసే రాధాకిషన్ మునీము వాటిని అరచేతిలో ఒకసారి ఎగరేసి పక్కన పెట్టేవాడు. యమునాబాయి కట్ట రాగానే కళ్ళజోడు సర్దుకునేవాడు. దారం విప్పి ఒక్కో బీడీని వేళ్ళ మధ్య నొక్కి చూసేవాడు. మూతి ఊడిందని ఒకటి, నడుము సన్నబడిందని ఒకటి, ఆకుకు చిల్లు ఉందని ఒకటి పక్కనున్న గంపలోకి విసిరేవాడు. గంపలో పడ్డ బీడీకి కూలి లేదు. పోనీ దాన్ని చింపి పారేసేవాడా అంటే అదీ లేదు. సాయంత్రానికి ఆ గంప లోపలి గదిలోకి పోయేది. అక్కడినుంచి ఎటు పోయేదో వాడలో అందరికీ తెలుసు. పనికిరావని తీసేసిన ఆ బీడీలనే జనం దుకాణాల్లో కొని తాగేవారు.

కూలి పోవడం ఒక ఎత్తు, మాట పడటం ఇంకో ఎత్తు. "యమునాబాయిది మోట చెయ్యి" అని రాధాకిషన్ ఒకనాడు అన్నాడు. ఆ మాట కార్ఖానా మెట్లు దిగి, నాందేడ్‌లోని ఆ నేతవాడ రెండు వీధులూ తిరిగి, ఆమెకంటే ముందే ఆమె ఇంటికి చేరింది. ఆమె ఎదురు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక కాదు, నిజమేనని నమ్మింది. చిన్ననాటి నుంచీ చుడుతున్న చేతులవి. అయినా నలుగురిలో కూర్చుంటే వాటిని కొంగు కింద దాచుకునేది. కూతురు వత్సల బీడీల చాట దగ్గరికి వస్తే, నా చెయ్యి నీకు రావద్దు బిడ్డా అని దూరం పంపేది. ఒక మనిషి కూలిని దోచుకోవడం కంటే, ఆ దోపిడీకి కారణం తన చేతులేనని ఆ మనిషినే నమ్మించడం పెద్ద నేరం. అయితే ఈ నేరానికి కేసు పెట్టిన పోలీసు ఎక్కడా లేడు.

యమునాబాయి పుట్టిల్లు నిజామాబాద్ వైపు. పెళ్ళయి నాందేడ్ వచ్చేనాటికి అత్తగారింట్లో మగ్గం ఆడుతుండేది. మామ పోయాక అది మూలకు చేరింది. భర్త శివరాం మోండా బజారులో పత్తి బస్తాలు మోసే హమాలీ. అత్త కాశీబాయికి నడుము వంగింది కానీ నోరు వంగలేదు. ఆ ఇంట్లో నిలకడగా వచ్చేది యమునాబాయి బీడీల కూలి ఒక్కటే. దానికి ఆధారం ఒక కార్డు. కార్ఖానా నడిపే టేకేదారు వెంకట్రావ్ ఇచ్చిన ఆ కార్డు ఉంటేనే ఆకు ఇస్తారు, దవాఖానలో మందు ఇస్తారు, రేపు చూపు పోయాక నాలుగు డబ్బులు వస్తాయన్న ఆశా ఉంటుంది.

డెబ్బై ఏడో సంవత్సరం వానాకాలం చివర వెంకట్రావ్ ఒక మాట చాటించాడు. దసరా దాటాక కార్డులు మళ్ళీ రాస్తారు. చెయ్యి బాగాలేనివాళ్ళ పేర్లు కొట్టేస్తారు. తొందర తొందరగా చుట్టి ఎక్కువ కూలి కొట్టేయాలని చూసేవాళ్ళే బీడీలు పాడు చేస్తున్నారని ఆయన వాదన. ఎవరి పేరు ముందు పోతుందో ఎవరూ యమునాబాయికి చెప్పనక్కరలేదు.

ఆ వారం సెలవు రోజున తమ్ముడు అంబదాస్ వచ్చాడు. అతను ఊళ్ళోనే బట్టల మిల్లులో దారం పరీక్ష చేసే గదిలో పని చేస్తాడు. అక్క పెట్టిన జొన్నరొట్టె తింటూ అన్నీ విన్నాడు. విని, చేతుల గురించి ఒక్క ముక్క మాట్లాడకుండా ఆకు గురించి అడిగాడు. ఆకు ఎవరికి ముందు ఇస్తారు, ఎవరికి వెనక ఇస్తారు అని.

అందులో దాచేదేముంది. కిన్వట్ అడవుల నుంచి, సర్ఖని వైపు నుంచి తునికాకు బస్తాల్లో వస్తుంది. పై ఆకు వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. అడుగున ఎండినదీ, చిరిగినదీ, పురుగు తిన్నదీ. ముందు వీధివాళ్ళకు ముందు ఇస్తారు. వెనక వీధికి బస్తా అడుగు. ఎన్నేళ్ళుగానో అదే వరుస. యమునాబాయి ఇల్లు వెనక వీధిలో చివరిది.

అంబదాస్ అప్పుడు మిల్లు సంగతి చెప్పాడు. ఎండాకాలం వస్తే మగ్గాల మీద దారం తెగ తెగేది. తెగినప్పుడల్లా కార్మికుడికి తిట్లు, జుర్మానా. కొత్తగా వచ్చిన మాస్టరు ఒకాయన ఎవర్నీ తిట్టకుండా గోడకు ఒక గళ్ళ కాగితం కొట్టించాడు. అడ్డంగా గాలిలో ఉన్న తేమ, నిలువుగా తెగిన దారాలు. ఏ రోజు తేమ ఎంతో అన్ని గళ్ళు పక్కకు జరిగి, ఎన్ని దారాలు తెగాయో అన్ని గళ్ళు పైకి ఎక్కి, అక్కడ ఒక్క చుక్క. రోజుకొక చుక్క. నెల తిరిగేసరికి ఆ చుక్కలు గాలివానలో చినుకుల్లా ఏటవాలుగా కనబడ్డాయి. గాలి పొడిబారిన రోజుల చుక్కలన్నీ పైన, తేమ ఉన్న రోజులవి కింద. మనిషి ఏ రోజూ మారలేదు, మారింది గాలి. షెడ్డులో నీళ్ళు చిమ్మే పైపులు బాగు చేయించాక జుర్మానాలు ఆగాయి.

"గట్లనే ఆకును, రద్దయిన బీడీలను పక్కపక్కన పెట్టి సూద్దాం అక్కా. నీ చెయ్యి సంగతి తర్వాత" అన్నాడు అంబదాస్.

మిల్లు నుంచి తెచ్చిన గళ్ళ కాగితం ఆడవాళ్ళకు నచ్చలేదు. ఆ గీతలు చీమల బారులా ఉన్నాయన్నారు. కాశీబాయి పెట్టె తెరిచి మామ నేసిన గళ్ళ గుడ్డ ఒకటి తీసింది. తెలుపు మీద ఎర్ర గళ్ళు. లెక్క పెట్టడానికి ఆ వాడలో ఎవరికీ ఎవరూ నేర్పనక్కరలేదు, అది నేతవాళ్ళ వాడ. పనికిరాని ఆకు ఎన్ని పిడికిళ్ళు వస్తే అన్ని చింతగింజలు ఒక డబ్బాలో, రద్దయిన బీడీల గుప్పిళ్ళకు ఇంకో డబ్బాలో వేయాలని అనుకున్నారు. వారం గడిచాక వెనక వీధి ఆడవాళ్ళందరూ యమునాబాయి ఇంటి అరుగు మీద చేరి, నీలి రంగులో వేలు ముంచి ఎవరి చుక్క వాళ్ళే పెట్టారు. గుడ్డ ఒక చివర, ఎంత ఎక్కువ చుడితే ఎంత రద్దు అవుతుందో చూశారు. అక్కడ చుక్కలు దులిపిన జొన్నగింజల్లా ఎటు పడితే అటు పడ్డాయి. ఎక్కువ చుట్టినవాళ్ళలో రద్దు తక్కువున్నవాళ్ళు ఉన్నారు, తక్కువ చుట్టి గంప నింపినవాళ్ళూ ఉన్నారు. తొందరకూ రద్దుకూ సంబంధం ఉన్నట్టు ఆ చుక్కలు చెప్పడం లేదు. రెండో చివర పాడైన ఆకునూ రద్దునూ చూశారు. అక్కడ చుక్కలు కొంచెం ఏటవాలుగా ఉన్నట్టే అనిపించింది. గుడ్డను ఎండకు ఆరేసి, అంబదాస్ చాయ్ తాగి వస్తానని వెళ్ళాడు. యమునాబాయి నల్లా నీళ్ళకు పోయింది.

తిరిగి వచ్చేసరికి కాశీబాయి గుడ్డ ముందు కూర్చుని నీలి రంగు పుల్లను గిన్నె అంచుకు తుడుస్తోంది. రెండో చివరన చుక్కలన్నీ గీతలతో కలిసిపోయి ఉన్నాయి. ఒక్కటి వదలకుండా కలిపింది ముసలమ్మ. ఆమె తప్పేమీ లేదు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చుక్క కనబడితే కలపడమే ఆమె ఎరిగిన పని.

"చుక్కలు పెట్టి గట్లనే ఇడిసిపెడ్తరా ఎవలన్న? ఇంటికి మంచిది కాదు" అంది. ఆపైన అసలు ఫిర్యాదు చేసింది. "ఎవలు పెట్టిండ్రు గీ చుక్కలు? వరుస లేదు, జాడ లేదు. కలుపుదామంటే నా పానం పోయింది."

అంబదాస్ తల పట్టుకుని, కాసేపటికి నవ్వాడు. మర్నాటి నుంచి అతనికి మిల్లులో వరసగా పని. ఇక యమునాబాయి ఒక్కతే మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలి. అతను పోయేముందు ఒక మాట చెప్పిపోయాడు. ఇది కలిపే చుక్క కాదని అందరికీ చెప్పు, ఒక్కో చుక్క ఒక్కో మనిషి, మనిషికీ మనిషికీ మధ్య గీత గీయొద్దు, దూరంగా నిలబడి గుంపు ఎటు వంగిందో చూడాలి అని.

కాశీబాయి ఇంకో గుడ్డ తీసి కోడలి చేతిలో పెట్టి, ఈసారి ముట్టనని చెప్పింది.

ఇల్లిల్లూ తిరుగుతూ అదే మాట అందరికీ చెబుతుంటే యమునాబాయికి ఒక సంగతి తట్టింది. తను అడుగుతున్నదంతా వెనక వీధివాళ్ళనే. కొంచెం హెచ్చుతగ్గులున్నా అందరి ఆకూ పాడే, అందరి రద్దూ ఎక్కువే. అందరి చుక్కలూ ఒక్క మూలనే గుంపుగా పడ్డాయి. రేపు టేకేదారు దాన్ని చూసి, వెనక వీధి మొత్తానిదీ మోట చెయ్యేనని అంటే తన దగ్గర జవాబు లేదు. మంచి ఆకు వచ్చేవాళ్ళ చుక్కలు కూడా అదే గుడ్డ మీద పడాలి. అంటే ముందు వీధికి పోవాలి. విమలాబాయి గడప తొక్కాలి.

విమలాబాయి బీడీ అంటే నాందేడ్‌లో పేరు. వెంకట్రావ్ బయటినుంచి వచ్చినవాళ్ళకు చూపించేది ఆమె కట్టలనే. యమునాబాయి వెళ్ళేసరికి గడపలో కూర్చుని చుడుతోంది. చేతులు ఆపకుండానే పలకరించింది.

"ఏంది యమునక్కా, తొవ్వ తప్పి అచ్చినవా? మీ అత్త గుడ్డ మీద ముగ్గేసిందట గదా."

యమునాబాయి నవ్వి, వచ్చిన పని చెప్పింది. తన చుక్క పెట్టడానికి విమలాబాయికి అభ్యంతరం లేదు, అది కిందనే ఉంటుందని ఆమెకు తెలుసు. కానీ గుడ్డ చెబుతున్న సంగతిని మాత్రం ఒప్పుకోలేదు.

"సేటు మంచి చేతికి మంచి ఆకు ఇస్తడు. పాడు చేసేటోళ్ళకు ఇచ్చి పాడు చేసుకుంటడా? ఆకు చెడ్డదైతే చెయ్యి చెడ్డగైతలేదు. చెయ్యి చెడ్డదని ఆకు చెడ్డది ఇస్తున్నడు."

యమునాబాయి చేతిలోని గుడ్డను చూసుకుంది. గుడ్డ మీద రెండూ కలిసి నడుస్తున్నాయి, నిజమే. ఏది దేన్ని లాక్కుపోతోందో గుడ్డ చెప్పడం లేదు. ఆమె లేచింది. వెనక నుంచి విమలాబాయి ఇంకో మాట విసిరింది.

"నా చేతికి ఏ ఆకైన ఒకటే, అక్కా."

యమునాబాయి వెనక్కి తిరిగింది. "అయితే ఒక్క వారం నా ఆకు నువ్వు సుట్టు. నీ ఆకు నాకియ్యి."

అప్పుడు మొదటిసారి విమలాబాయి చేతులు ఆగాయి. ఆకు మారినా గంప మారకపోతే ఏం చేస్తావని అడిగింది.

"నా చెయ్యి మోటదని నేనే సేటుకు జెప్పి కార్డు ఇచ్చేస్త" అంది యమునాబాయి.

ఆ మాట ఆమె నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.  ఇంటికి వెళ్ళి శివరాంకు చెప్పింది. నీ చేతుల కూడు తిన్నవాణ్ణి, నాకు తెలుసు గదా అని మాత్రం అన్నాడు.

ఆకు తీసుకుని వచ్చాక రెండు వీధులు కలిసే చోట మూటలు మార్చుకోవాలని ఒప్పందం. విమలాబాయి ఇచ్చిన మూట విప్పి యమునాబాయి ఒక ఆకును వేళ్ళతో తడిమి చూసింది. అరచేయంత ఆకులు, నీళ్ళు చల్లితే లేత తమలపాకుల్లా వంగాయి. ఇంత మంచి ఆకు ఉంటుందని తెలుసు కానీ చేత్తో ముట్టింది లేదు. కత్తెర దానంతటదే నడిచింది. వత్సల వచ్చి పక్కన కూర్చుంటే ఆ రోజు పొమ్మనలేదు.

మర్నాడు కార్ఖానాలో రాధాకిషన్ విమలాబాయి కట్టను అలవాటుగా ఎగరేసి పక్కన పెట్టాడు. వెనక వరుసలో నిలబడ్డ యమునాబాయి మెడ చాచి చూసింది. విప్పి చూడకపోతే రద్దు ఎక్కడిది? విమలాబాయి ఊరుకుంటే చాలు, పందెం ఆమెదే, కార్డు వెంకట్రావ్‌ది.

విమలాబాయి పక్కకు జరగలేదు. "ఇప్పి సూడు, మునీం సాబ్" అంది.

ఎందుకని రాధాకిషన్ విసుక్కున్నాడు. ఇప్పు, సూడు అని ఆమె మళ్ళీ అంది. ముందు రాత్రంతా పగిలిన ఆకును అతికించి అతికించి చుట్టిన చేతులవి. ఏం చుట్టిందో ఆమెకు తెలుసు. చూడకుండా ఇచ్చే మెచ్చుకోలు తీసుకోవడం ఆమెకు నామోషీ. రాధాకిషన్ దారం విప్పాడు. మొదట ఒకటి తీశాడు, తర్వాత ఒకటి, తర్వాత గంప కాస్త దగ్గరికి లాక్కున్నాడు. యమునాబాయి వంతు వచ్చినప్పుడు కళ్ళజోడు సర్దుకుని ఎంతో వెదికాడు. దొరికినవి కొన్నే.

వారం చివర అరుగు మీద గుడ్డ పరిచారు. ముందు వీధి నుంచి కూడా చాలామంది వచ్చారు, తమాషా చూద్దామని వచ్చి చుక్కలు పెట్టి వెళ్ళారు. ఇప్పుడు గుడ్డ కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు చుక్కలు ఎక్కుతూ పోయాయి. విమలాబాయి తన పాత చుక్క కిందన పెట్టింది, కొత్త చుక్క కుడివైపు పైన పెట్టింది. యమునాబాయి పాత చుక్క దాని పక్కనే, ఒక్క గడి పైన. యమునాబాయి కొత్త చుక్క కింద, విమలాబాయి పాత చుక్కకు ఒక గడి పైన.

"నీ చెయ్యి నాకంటె నయమే" అంది యమునాబాయి.

"నయమే. గంతే, గొంచెమే" అంది విమలాబాయి. ఆ మాట అంటున్నప్పుడు నవ్వలేదు. ఇన్నేళ్ళు తనకు వచ్చిన మెప్పులో ఆకు వాటా ఎంతో, తన వాటా ఎంతో ఆమె గుడ్డ మీద చూస్తూ ఉండిపోయింది.

బీడీ కార్మికుల చట్టం అప్పటికే ఉంది. ఆకు గురించి గానీ, రద్దు గురించి గానీ తగవు వస్తే సర్కారు అధికారి విచారించాలని అందులోనే ఉంది. ఉన్న సంగతి చెప్పేవాళ్ళు లేక అది కాగితంలోనే పడి ఉంది. అంబదాస్ సహకార్మికులు అర్జీ రాసిచ్చారు, రెండు వీధుల ఆడవాళ్ళూ వేలిముద్రలు వేశారు. దసరా దాటిన వారంలో అధికారి వచ్చాడు. మరాఠీ మాట్లాడే నడివయసు మనిషి. గుడ్డను కార్ఖానా వసారాలో దండెం మీద వేశారు. కాశీబాయి దాని పక్కన పీట వేసుకుని కూర్చుంది, ఎవరూ కలపకుండా.

ఆడవాళ్ళు ముగ్గులు వేసుకొచ్చారని వెంకట్రావ్ తేలిగ్గా అన్నాడు. అధికారి ఆ మాట పట్టించుకోలేదు. ఆయనకు ఇలాంటి పటం కొత్త కాదు. అడ్డం ఏది, నిలువు ఏది అని అడిగి తెలుసుకున్నాడు. తర్వాత వెంకట్రావ్ వైపు తిరిగి దీనికి మీరేమంటారని అడిగాడు. వెంకట్రావ్ విమలాబాయి ఆ రోజు గడపలో అన్న మాటే అన్నాడు. మంచి చేతికి మంచి ఆకు ఇస్తామని, వ్యాపారం అంటే అదేనని. అధికారి తల ఊపాడు, అదీ జరగొచ్చు గదా బాయీ అన్నాడు యమునాబాయితో.

ఆమె జవాబు చెప్పబోయేలోపు విమలాబాయి ముందుకు వచ్చి గుడ్డ మీద వేలు పెట్టింది.

"ఈ కిందున్నది నాది సాబ్. ఆ పైనున్నది గూడ నాదే. చెయ్యి ఒక్కటే. ఆకు మారింది."

 వెంకట్రావ్ రాధాకిషన్ వైపు చూశాడు. రాధాకిషన్ గంప వైపు చూశాడు. విమలాబాయి ఆకు మార్చుకున్న వారంలో ఆమెవి ఎన్ని తీసేశావని అధికారి అడిగితే మునీము దాచలేకపోయాడు, తన చేత్తో విసిరినవే.

తీర్పు గొప్పదేమీ కాదు. బస్తాలు విప్పాక పై ఆకూ అడుగు ఆకూ కలిపి ఇవ్వాలి. వారానికొక వీధి ముందు నిలబడాలి. తీసేసిన బీడీని చుట్టిన మనిషి కళ్ళ ముందే చింపాలి. చెయ్యి పేరు చెప్పి ఎవరి కార్డూ కొట్టేయరాదు. గడిచిపోయిన ఏళ్ళ కూలి గురించి ఒక్క మాట లేదు. యమునాబాయి కార్డు మాత్రం ఆమె దగ్గరే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి పోతూ ఆమె రెండు చేతులూ ఊపుకుంటూ నడిచిందని చూసినవాళ్ళు చెబుతారు.

అధికారి పోయాక రెండు నెలలకే మళ్ళీ బస్తా అడుగు వెనక వీధికి వచ్చింది. ఆడవాళ్ళు చింతగింజల డబ్బాలు తీశారు, గుడ్డ దండెం మీదికి ఎక్కింది. మూడో రోజు నుంచి మళ్ళీ పై ఆకూ అడుగు ఆకూ కలిపి ఇచ్చారు. అప్పటినుంచి ఏటా ఒకటి రెండుసార్లు ఆ గుడ్డ ఆరేస్తూనే ఉన్నారు. ఒకసారి యమునాబాయి, విమలాబాయి కలిసి హిమాయత్‌నగర్ బస్సెక్కి, అక్కడి ఆడవాళ్ళకు చుక్క పెట్టడం చూపించి వచ్చారు. కలపొద్దని పది సార్లు చెప్పాల్సి వచ్చిందట.

ఇప్పుడు ఎనభై ఐదో సంవత్సరం. యమునాబాయికి చూపు మందగించింది, పొగాకు దుమ్ముకు దగ్గు పట్టుకుంది. కాశీబాయి పోయింది. ఆమె కలిపిన మొదటి గుడ్డను యమునాబాయి బీడీల చాట మీద కప్పుకుంటుంది. ఎందుకు దాచావంటే, మా అత్త ఏసిన చివరి ముగ్గు అంటుంది.

ఇది చదువుతున్నవారిలో బీడీ తాగేవాళ్ళుంటారు, తాగనివాళ్ళుంటారు. మీ ఊళ్ళో బీడీ కార్ఖానా ఉంటే ఆకు పంచే రోజున ఒకసారి వెళ్ళి నిలబడండి. ఎవరికి ముందు ఇస్తున్నారో, ఎవరి గంప నిండుతోందో చూడండి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టమని ఆ ఆడవాళ్ళతో కూర్చుని చెప్పండి. ఇంట్లో ఒక గళ్ళ గుడ్డ ఉంటుంది, ఇవ్వండి. అర్జీ రాయడం వస్తే రాసిపెట్టండి. తీసేసిన బీడీని కళ్ళ ముందు చింపమని అడిగేటప్పుడు వాళ్ళ పక్కన ఉండండి. బీడీలే కానక్కరలేదు. మీ దగ్గర పని చేసే మనిషి చెయ్యి మంచిది కాదని మీకు ఎవరైనా చెబితే, ఆ చేతికి ఏం ఇచ్చారో ముందు అడగండి.